దయ్యం సినిమా లాగ్: నాలుగో నెల, గొంతు దొరికింది

ఏడు నిమిషాల షార్ట్ ఫిల్మ్ అనుకున్నది నాలుగు నెలలైనా తెమల్లేదు. కథ చిన్నదే. తాడిపత్రి దగ్గర ఒక ఊరు, పాత మట్టిమిద్దె, పదహారేళ్ల పిల్లకు గాలి సోకింది, మంత్రగాణ్ని పిలుస్తారు, అతనొచ్చి అడగాల్సినవి అడుగుతాడు. అంతే. మిద్దె మా అవ్వది, పిల్ల మా చిన్నమ్మ కూతురు (డిగ్రీ చదువుతోంది, జడ వేసుకుంటే పదహారేళ్లంటే నమ్ముతారు), మంత్రగాడు మా మామ, కెమెరా నా ఫోన్. ఇంతవరకు ఖర్చు 3,400 రూపాయలు. అందులో సగం మేకప్ సామానుకే పోయింది, అది మొత్తం దండగే.

ఫిబ్రవరి

అందరిలాగే నేనూ మొహం దగ్గరే మొదలుపెట్టాను. 1973 నాటి హాలీవుడ్ దయ్యం సినిమా ‘ది ఎక్సార్సిస్ట్’కు డిక్ స్మిత్ చేసిన మేకప్ ఫొటోలు ముందు పెట్టుకుని జెలటిన్, గ్లిసరిన్, నీళ్లు సమానంగా కలిపి, మరిగే నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి, బుగ్గ మీద గాయాలు అతికించాను. వేడి బాగా తగ్గాక మాత్రమే పెట్టాలి, ముందు మన మోచేతి లోపలి వైపు వేసి చూసుకోవాలి. ఫిబ్రవరి సాయంత్రం చేసిన టెస్ట్ అద్భుతంగా వచ్చింది, ఇంకేం, సినిమా అయిపోయినట్టే అనుకున్నాను.

మార్చి

మధ్యాహ్నం, కిటికీలేని గది, తలుపు మూసి షూటింగ్. అర్ధగంటకే బుగ్గ మీది గాయం జారి గడ్డం కింద వేలాడింది. పిల్ల నవ్వు ఆపుకోలేదు, మంత్రగాడు అంతకన్నా ఆపుకోలేదు. ఆ ఎక్సార్సిస్ట్ వాళ్లేమో నోట్లోంచి ఆవిరి కనపడాలని పడకగది సెట్‌కు ఏసీలు పెట్టి గడ్డకట్టించారు, మాకు అనంతపురం ఎండలో దయ్యానికే వడదెబ్బ తగిలేట్టుంది.

జెలటిన్ వదిలేశాను. ఇప్పుడు మేకప్ అంటే కాటుక మాత్రమే: వేలితో కళ్ల కింద రుద్ది, తడిగుడ్డతో సగం తుడిచేయడం, పెదాల మీద పౌడర్. మిగతా పని బల్బు చూసుకుంటుంది. 9 వాట్ల బల్బును సరిగ్గా నడినెత్తి మీద వేలాడదీస్తే కనుబొమల నీడ పడి కళ్లు రెండు గుంటల్లా కనిపిస్తాయి. తెల్ల లెన్సులు కొనమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు, ఆ దుమ్ములో ఆ పిల్ల కళ్లతో ఆడుకునే ధైర్యం నాకు లేదు. ఫోన్‌తో తీసేవాళ్లకు ఇంకో మాట, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు పెట్టుకోండి, లేకపోతే బల్బు వెలుతురు చారలు చారలుగా వస్తుంది. నాకు ఒక పూట షూటింగ్ మొత్తం అలాగే పోయింది.

వాంతి గురించి: ఎక్సార్సిస్ట్‌లో బఠానీ సూప్‌లో ఓట్స్ కలిపారు. మేం మొదట పాలకూర రుబ్బి చూశాం, నీళ్లలా కారిపోయింది. ఉడికించిన పెసలు మెత్తగా రుబ్బి రాగి అంబలిలో కలిపితే ముద్దలు ముద్దలుగా, చూడలేనట్టు వచ్చింది. ఉప్పు వేయండి, నోట్లో పెట్టుకునేది మనిషే కదా.

ఏప్రిల్

దయ్యం కంటితో చూస్తున్నట్టు చేనులోంచి ఇంటి దాకా దూసుకొచ్చే షాట్ కావాలి. 1981లో ‘ఈవిల్ డెడ్’ తీసిన కుర్రాళ్ల దగ్గర పెద్ద సామాను లేక, పొడుగాటి చెక్కకు కెమెరా బిగించి ఇద్దరు చెరో కొస పట్టుకుని పరిగెత్తారు. మేం ఆరడుగుల చెక్క పలక మధ్యలో ఫోన్‌ను రబ్బరు ట్యూబుతో కట్టాం. కుదుపులు చెక్క చివర్లలోనే చాలావరకు ఆగిపోతాయి. మూడో టేక్‌లో ఒకడు గెనెం (పొలం గట్టు) తట్టుకుని పడ్డాడు. ఫోన్ స్క్రీన్ గార్డ్ పగిలింది, షాట్ మాత్రం అదే బాగుంది, అదే ఉంచాను.

ఒక ఆదివారం బనగానపల్లె వెళ్లి, 2009 ‘అరుంధతి’ షూటింగ్ జరిగిన నవాబు బంగ్లా చూసొచ్చాం. పగటిపూట అక్కడ భయమేమీ లేదు, జనం సెల్ఫీలు దిగుతున్నారు. తిరుగు బస్సులో మామ అన్నాడు, “ఆ సినిమాలో భయపెట్టింది బంగ్లా కాదబ్బీ, గొంతు.” నిజమే. తెర మీద సోనూ సూద్, గొంతు రవిశంకర్‌ది. ఆ డబ్బింగ్ తర్వాత ఆయన పేరు ముందు బొమ్మాళి చేరి అలాగే ఉండిపోయింది. ఎక్సార్సిస్ట్‌లోనూ అంతే కదా, మంచం మీద లిండా బ్లేర్, దయ్యం గొంతు మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్ అనే పెద్దావిడది. గొంతు బొంగురుపోవాలని పచ్చిగుడ్లు మింగి, సిగరెట్లు కాల్చి మరీ చెప్పిందావిడ. నేనేమో రెండు నెలలు బుగ్గ మీద గాయాలు అతికిస్తూ కూర్చున్నాను.

మే

పిల్ల గొంతునే ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు సెమీటోన్లు కిందికి దించి చూశాను. దయ్యంలా లేదు, బ్యాటరీ అయిపోతున్న టేప్‌రికార్డర్‌లా ఉంది. అప్పుడు అవ్వను అడిగాను. డెబ్బై దాటాయి, వక్కాకు నములుతుంది, గొంతులో ఎప్పుడూ ఒక జీర. మంచం మీద కూర్చోబెట్టి, ఇద్దరం దుప్పటి కప్పుకుని (గది మోత రాకుండా ఇదే చవకైన దారి), ఫోన్ నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు పెట్టాను. ఎదురుగా పెడితే ‘ప’, ‘బ’ దగ్గర ఊపిరి కొట్టుకుంటుంది.

నేను రాసిన డైలాగ్ చదివి వినిపించాను. నవ్వింది. “దయ్యం ఇట్ల అరుస్తాదేంరా? మా కాలంలో గాలి సోకినోళ్లు అరిచేది కాదు. ముందు బువ్వ ఎక్కువ తినేది. ఆమైన మెల్లగా, పక్కింటామె మాట్లాడినట్ల మాట్లాడేది. అదే భయం.” 

రాసిందంతా కొట్టేశాను. మామ అడిగేవి మూడే: ఎవరు నువ్వు, యాడినుంచి వచ్చినావు, ఏం కావాల. (1614 నాటి రోమన్ క్యాథలిక్ దయ్యం వదిలించే విధిలో కూడా పాదిరి ముందు దయ్యం పేరే అడుగుతాడు. పేరు బయటపడితే సగం పని అయినట్టే అన్న నమ్మకం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది.) మూడో ప్రశ్నకు అవ్వ తనంతట తాను చెప్పిన జవాబు “సంగటి పెట్టు, పోతా.” అంత మెల్లగా అంది, నాకు దుప్పటి కింద చెమటలు పట్టాయి.

పిల్ల పెదాలకు అవ్వ గొంతు కలిపాను. పిల్ల సొంత గొంతును కింద చాలా తక్కువ వాల్యూమ్‌లో, ఒక్క అక్షరం ఆలస్యంగా ఉంచాను. పిచ్ ఏమీ మార్చలేదు. వేపమండలతో కొట్టే సీను కూడా తీసేశాను, ఆ దెబ్బలు నిజంగా తిన్న మనుషులు ఈ ఊళ్లలోనే ఉన్నారు, వాళ్లలో చాలామందికి కావాల్సింది డాక్టరు.

మెడ విరుచుకునే చప్పుడు మిగిలింది. ఎక్సార్సిస్ట్‌లో దానికి గొంజాలో గవీరా అనే మెక్సికో సౌండ్ మనిషి పాత తోలు పర్సును మైకు ముందు మెలితిప్పాడు. నా పర్సు రెగ్జిన్‌ది, మూలగదు. చివరికి పని చేసింది ఎండు బుడ్డలు (వేరుశనక్కాయలు): పిడికెడు కాయలు గుడ్డసంచిలో వేసి మెల్లగా పిండితే పొట్టు ఒక్కొక్కటే విరుగుతుంది. పచ్చికాయలు పనికిరావు.

రికార్డింగ్ అయ్యాక అవ్వ ఊరుకోలేదు. దయ్యం మాటలు పలికించినావు, పిల్లకు దిష్టి తీయాల్సిందే అంది. ఉప్పు, ఎండుమిరపకాయలు పిల్ల చుట్టూ తిప్పి పొయ్యిలో వేస్తుంటే ఆ చిటపట కోసం ఫోన్ పక్కనే పెట్టాను. ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టంట. గది నిండా ఘాటు, అందరం ఖళ్లుఖళ్లుమని దగ్గాం, అవ్వ మొహం కాస్త చిన్నబోయింది. దగ్గు మొదలయ్యేలోపు పదకొండు సెకన్ల చిటపట శుభ్రంగా వచ్చింది. అది టైటిల్స్ కింద పెడుతున్నాను.