గోతిలో దిగిన కారు, సర్వేయరు కొట్టేసిన పద్దులు: నా క్లెయిమ్ అనుభవం

బీమా డబ్బు నిన్ననే ఖాతాలో పడింది. 15,180 రూపాయలు. వాళ్లు మొదట ఇస్తామన్నది 7,470. ఈ రెండు అంకెల మధ్య నడిచిన తతంగమంతా మరిచిపోకముందే రాసేస్తున్నాను. విజయనగరం, శ్రీకాకుళం రోడ్ల మీద కారు తిప్పేవాళ్లకు ఏదో ఒక వానాకాలం ఈ పని పడక తప్పదు.

కారు నాలుగేళ్లు దాటిన 1200 సీసీ పెట్రోలు బండి. కంపెనీ బిగించి ఇచ్చిన అల్లాయ్ చక్రాలు, మామూలు ప్యాకేజీ పాలసీ, జీరో డెప్ (భాగాల పాతదనానికి కోత వేయకుండా డబ్బిచ్చే అదనపు కవరు) లేదు. చీపురుపల్లి దాటాక లోపలి రోడ్డులో నీళ్లు నిండిన గోతిలో ఎడమ ముందు చక్రం దిగింది. స్టెప్నీ వేయడం, గ్యారేజీకి చేర్చడం మామూలుగానే అయిపోయాయి.

స్టెప్నీ వేసేముందు మాత్రం టార్చి పట్టుకుని ఇంజిన్ కిందకి చూడాలి. ఛాంబరు (ఇంజిన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి) పగిలి ఆయిలు కారుతుంటే ఒక్క కిలోమీటరు కూడా నడపకండి, టోయింగ్‌కి ఫోన్ చేయండి. పాలసీలో ఒక షరతు ఉంటుంది: ప్రమాదం జరిగాక రిపేరు చేయించకుండా బండి నడిపితే, దానివల్ల పెరిగిన నష్టమంతా యజమానిదే. పగిలిన ఛాంబరుకి డబ్బిస్తారు. ఆ పగిలిన ఛాంబరుతో ఇంటిదాకా నడిపి పట్టేసిన ఇంజినుకి ఇవ్వరు. పోయేది వేలల్లోంచి లక్షల్లోకి మారేది ఇక్కడే.

ఫొటోలు అక్కడే తీయాలి. గొయ్యి, పక్కనున్న కిలోమీటరు రాయి, బండి నంబరు కనబడేలా చక్రం. లొకేషన్ ఆన్‌లో ఉంచండి. ఇంకొకరికి దెబ్బ తగలకపోతే ఈ రకం నష్టానికి ఎఫ్ఐఆర్ మామూలుగా అడగరు. బీమా వాళ్లకి అదే రోజు ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి. దీనికి పది నిమిషాలు చాలు.

గ్యారేజీలో టైరు విప్పకముందే ఒక పని చేయించాను. అందరూ చేయించండి. టైరు పక్కగోడ ఉబ్బిన చోట, దానికి ఎదురుగా రిమ్ము సొట్టపడిన చోట, రెండింటినీ కలుపుతూ సుద్దముక్కతో గీత గీసి ఫొటో తీయాలి. గోతి అంచుకీ రిమ్ముకీ మధ్య నలిగినప్పుడు పక్కగోడలోని దారాలు తెగుతాయి, గాలి ఒత్తిడికి అక్కడ బుడిపె లేస్తుంది. సొట్ట, బుడిపె ఒకేచోట ఉన్నాయంటే రెండూ ఒక్క దెబ్బకే జరిగాయన్నమాట. టైరు విప్పాక ఆ జత కుదర్చడం ఎవరి తరమూ కాదు. బుడిపె లోపలి వైపు కూడా లేవొచ్చు కాబట్టి చక్రం దించి రెండు పక్కలా తడిమి చూడండి. బుడిపె ఉన్న టైరుకి పంక్చరు షాపులో ప్యాచ్ వేస్తామంటారు, వేయించకండి. తెగిన దారం అతకదు. దాన్ని స్టెప్నీగా కూడా ఉంచుకోకూడదు.

రెండో పని ఎలైన్‌మెంట్, అంటే చక్రాలు నిలబడే కోణాల కొలత. బండి నడిచే స్థితిలో ఉంటే ఏదీ విప్పకముందు మెషిన్ మీద పెట్టించి, ఏమీ సరిచేయకుండా, ఉన్నదున్నట్టు ప్రింటు తీయించండి. చాలా షాపుల్లో ఏం చేస్తారంటే, టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) తప్పిందని స్టీరింగుని చక్రానికి కలిపే టై రాడ్ దగ్గర తిప్పి, స్టీరింగ్ నిటారుగా పెట్టి, సరైపోయింది తీసుకెళ్లండి అంటారు. వంగిన లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందనుంచి బండికి పట్టి ఉంచే ఇనుప చేయి) వంగినట్టే ఉంటుంది, స్టీరింగ్ మాత్రం నిటారుగా కనబడుతుంది, కొత్త టైరు ఒక అంచున అరిగిపోతుంది. ఇలాంటి చిన్న కార్లలో టో తప్ప మిగతావి సరిచేసుకునే వీలు దాదాపు ఉండదు. క్యాంబరో (చక్రం పక్కకి వాలే కోణం) క్యాస్టరో (స్టీరింగ్ తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం) ఒక పక్కే తప్పిందంటే ఏదో వంగిందనే అర్థం. నా ప్రింటులో కుడి క్యాస్టర్ 4.1 డిగ్రీలు, ఎడమ 2.8. అంటే చక్రం వెనక్కి తోసుకుపోయింది. అంతకుముందు టైర్లు మార్చి వేయించినప్పటి ప్రింటు డ్యాష్‌బోర్డు అరలో దాచి ఉంచాను. అందులో 4.1, 4.0. ఈ రెండు కాగితాలే నన్ను నిలబెట్టాయి.

గ్యారేజీ వాళ్ల ఎస్టిమేట్: టైరు 5,200, అల్లాయ్ రిమ్ము 7,800, లోయర్ ఆర్మ్ 2,900, షాకబ్జర్ 3,600, లింక్ రాడ్ 900, షాకు పైన కూర్చునే రబ్బరు మౌంట్ 800, కూలి 2,400, ఎలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 900. మొత్తం 24,500.

ఇక సర్వే. నష్టం చిన్నదని సర్వేయరు, అంటే బీమా కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే మనిషి, రాలేదు. వీడియో కాల్‌లో చూస్తానన్నాడు. గ్యారేజీ కుర్రాడు ఫోను పట్టుకుని కారు కిందకి వంగాడు. లిఫ్టు మీద వేరే బండి ఉంది, కింద చీకటి. ఆ కాల్‌లో ఆర్మ్ కనబడిందో లేదో కూడా తెలియదు. టైరు, రిమ్ము రాసుకున్నాడు. లోయర్ ఆర్మ్, షాకు, లింక్ రాడ్, మౌంట్ అన్నీ 'అరుగుదల' అని కొట్టేశాడు. ఎందుకని అడిగితే స్పీకరు ఫోన్లో, గ్యారేజీలో ఉన్నవాళ్లంతా వినేలా, "నాలుగేళ్ల బండికి మా డబ్బుతో కొత్త సస్పెన్షన్ వేయించుకుందామనా? గొయ్యి పేరు చెప్పి అందరూ చేసేది ఇదే కదా" అన్నాడు. గ్యారేజీ యజమాని తల తిప్పుకున్నాడు. వేరే బండ్ల వాళ్లు నా మొహం చూశారు. ఇన్నేళ్లూ ప్రీమియం ఒక్కరోజు ఆలస్యం చేయకుండా కట్టి, ఒక్క క్లెయిమూ అడగని మనిషిని దొంగలెక్క కట్టేవాణ్ణి చేసి మాట్లాడాడు. కారు కింద మొహం పెట్టి చూడని మనిషికి ఆ మాట అనే హక్కు లేదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ఒళ్లు మండుతోంది.

పాత మేస్త్రి ఒకాయన దగ్గరికొచ్చి, "ఊరుకో బాబూ. ఆర్మ్ ఇప్పి చూపిద్దుం, అప్పుడేటంటారో చూద్దుం" అన్నాడు. అదే దారి. విప్పాక బయటపడ్డ నష్టానికి సప్లిమెంటరీ (అదనపు) ఎస్టిమేట్ పెట్టి మళ్లీ సర్వే అడగవచ్చు. కానీ కొత్త భాగం బిగించకముందే అడగాలి, పాతది గ్యారేజీలోనే ఉండాలి. చాలామంది బండి త్వరగా కావాలని ముందు బిగించేస్తారు, పాత ఇనుము తుక్కులోకి పోతుంది, ఇక దెబ్బకి సాక్ష్యమే ఉండదు.

విప్పాక ఏం చూపించామో రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. లోయర్ ఆర్మ్ అరిగితే బుష్ రబ్బరు ఎండి పగుళ్లిస్తుంది, బాల్ జాయింట్ ఆడుతుంది, ఇనుము ఆకారం మాత్రం మారదు. దెబ్బకి వంగితే ఇనుములో ముడత పడుతుంది, ఆ ముడత దగ్గర పెయింటు పెచ్చులూడి కొత్త లోహం మెరుస్తుంది, అప్పటికింకా తుప్పు పట్టదు. పాత ఆర్మునీ కొత్తదాన్నీ గచ్చు మీద పక్కపక్కన పెట్టి, మధ్య తేడా తెలిసేలా స్కేలు పెట్టి ఫొటో తీశాం. షాకుకి ఒక్క పరీక్ష చాలు: మౌంట్ విప్పి రాడ్డుని చేత్తో తిప్పితే, వంగినదైతే పైకొస ఒకచోట నిలవక వలయంలా తిరుగుతుంది. అరిగిన షాకు ఆయిలు కక్కుతుంది, కానీ ఆ ఆయిలు మీద దుమ్ము పేరుకుని గట్టిపడి ఉంటుంది, రాడ్డు నిటారుగానే ఉంటుంది. నాది వంగింది, కారిన ఆయిలు తడిగా శుభ్రంగా ఉంది. లింక్ రాడ్ బాల్ సాకెట్ దగ్గర ఊడివచ్చింది. అన్నింటికీ మించి, ఇవన్నీ ఒకే మూల. అరుగుదలైతే కుడి పక్కకీ రావాలి కదా. కుడి పక్క లోయర్ ఆర్మ్, షాకు కూడా వీడియో తీసి పంపాం.

ఈ ఫొటోలు, రెండు ఎలైన్‌మెంట్ ప్రింట్లు, సుద్ద గీత ఫొటో జతచేసి కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి మెయిల్ పెట్టాను. పాలసీ బుక్‌లెట్ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివినవాణ్ణి. సర్వేయరు కన్నా నాకే బాగా తెలుసని గట్టిగా చెప్పగలను. మెయిల్లో కోపం రాయలేదు, ఒక్క ప్రశ్న రాశాను: క్యాస్టర్‌లో కుడికీ ఎడమకీ 1.3 డిగ్రీలు తేడా రావడానికి అరుగుదలలో ఏ కారణం ఉందో రాతపూర్వకంగా చెప్పండి. సర్వే రిపోర్టు నకలు కూడా అడిగాను. అక్కడ పని జరగకపోతే బీమా నియంత్రణ సంస్థ వాళ్ల ఫిర్యాదుల పోర్టల్ బీమా భరోసా ఉంది, ఫోన్ నంబరు 155255. దాని తర్వాత హైదరాబాద్‌లో బీమా తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. నాకు అంతదూరం పోనక్కర్లేకపోయింది. ఈసారి వేరే సర్వేయరు నేరుగా వచ్చి, ఆర్మ్ చేత్తో పట్టుకుని చూసి, నాలుగు పద్దులూ రాసుకెళ్లాడు. మొదటాయన నుంచి ఒక్క మాట లేదు. ఆ నాలుగు పద్దులు వచ్చినా, అందరి ముందూ అన్న మాట అక్కడే ఉంది.

డబ్బు లెక్క ఎలా వేస్తారో విడిగా చెప్పాలి, ఎందుకంటే గ్యారేజీలో ఎవరూ చెప్పరు. టైరుకి నష్టపరిహారం రావాలంటే బండికి కూడా అదే సమయంలో దెబ్బ తగిలి ఉండాలి. ఒక్క టైరే పోతే ఏమీ రాదు. వచ్చినా ధరలో 50 శాతమే. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకీ 50 శాతం తరుగు (పాతదనానికి వేసే కోత). ఇనుప భాగాలకి బండి వయసుని బట్టి: ఆరు నెలల వరకు ఏమీ లేదు, ఏడాది లోపు 5, రెండేళ్ల లోపు 10, మూడేళ్ల లోపు 15, నాలుగేళ్ల లోపు 25, ఐదేళ్ల లోపు 35, పదేళ్ల లోపు 40, ఆ పైన 50 శాతం. కూలికి తరుగు లేదు. చివర్న 1500 సీసీ వరకు 1,000, ఆ పైన బండ్లకి 2,000 తీసేస్తారు. నా లెక్క: టైరు 2,600, రిమ్ము 5,070, ఆర్మ్ 1,885, షాకు 2,340, లింక్ రాడ్ 585, మౌంట్ 400, కూలి 2,400, ఎలైన్‌మెంట్ 900. మొత్తం 16,180లోంచి 1,000 పోగా 15,180. మిగతా 9,320 నా చేతి డబ్బే. జీరో డెప్ ఉన్నా టైరుకి వర్తించని పాలసీలు చాలా ఉన్నాయి, చూసి కొనండి. బయట కొని వేయించిన అల్లాయ్‌లని పాలసీలో రాయించకపోతే వాటికి పైసా రాదు.

ఇంకో లెక్క, క్లెయిమ్ పెట్టేముందే వేసుకోవాల్సింది. ఒక్క క్లెయిముతో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ అడగని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా అవుతుంది. నాకు వచ్చే రెన్యువల్‌కి 50 శాతం రావాలి. సొంత నష్టం ప్రీమియం 6,000 అనుకుంటే మొదటి ఏడు 3,000 పోతుంది. తర్వాత 20, 25, 35, 45 శాతాలుగా మెట్లెక్కాలి కాబట్టి 1,800, 1,500, 900, 300. కలిపితే 7,500. ప్రీమియం ఏటా కాస్త తగ్గుతుంది కనుక దానికి కొంచెం లోపే. మొదటి సర్వేయరు ఇస్తానన్న 7,470 తీసుకుని ఉంటే వచ్చిందీ పోయిందీ దాదాపు సమానం. అందుకే ఒక టైరు, ఒక రిమ్ము స్థాయి దెబ్బకి క్లెయిమ్ పెట్టకండి, జేబులోంచి కట్టేసుకోండి. నాలుగు పద్దులు కొట్టేస్తే మాత్రం ఊరుకోకండి.

రోడ్డు వాళ్ల దగ్గర డబ్బు వస్తుందా అని అడిగేవాళ్లకి: నాకు రాలేదు. ముందు రోడ్డు ఎవరిదో తేల్చుకోవాలి. కిలోమీటరు రాయి తల పసుపైతే జాతీయ రహదారి, ఆకుపచ్చైతే రాష్ట్ర రహదారి, నారింజైతే గ్రామీణ రోడ్డు. 16వ నంబరు జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేయవచ్చు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ కాంట్రాక్టరుకీ అధికారికీ లక్ష రూపాయల వరకు జరిమానా అంటుంది గానీ, అది మనిషి చనిపోయినా వైకల్యం వచ్చినా మాత్రమే. వంగిన ఆర్ముకి అందులో చోటు లేదు. ఆ రోడ్డు చూసే ఆఫీసులో, అది మాది కాదని పక్క ఆఫీసు పేరు చెప్పారు, పక్కవాళ్లు మళ్లీ వీళ్ల పేరు చెప్పారు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమం పీజీఆర్‌ఎస్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాక గ్రావెల్ తెచ్చి గొయ్యి పూడ్చారు. గ్రావెల్ ఒక్క వానకి లేచిపోతుంది. తారు పగుళ్లలోంచి నీరు దిగి కింద పొర నానినప్పుడు లారీ చక్రం మీదికి వస్తే లోపలి మెత్తని మట్టి బయటకి చిమ్మి గొయ్యి పడుతుంది. రోడ్డు పక్క అంచు ఎత్తుగా ఉండి నీరు పోయే దారి లేనంతకాలం పైపైన ఎంత పోసినా అంతే. ఆ రోడ్డు వేసిన కాంట్రాక్టరు మరమ్మతు గడువు ఇంకా ఉందేమో సమాచార హక్కు కింద అడగండి. ఉంటే పూడ్చాల్సింది సొంత ఖర్చుతో అతనే.

బిగించేటప్పుడు గ్యారేజీలో నిలబడి చూసుకోవాల్సినవి కొన్ని. వంగిన ఆర్ముని వేడి చేసి సాగదీస్తామంటే ఒప్పుకోకండి, ఇనుము బలం పోతుంది. కొత్త ఆర్ము బుష్ బోల్టులు, బండి లిఫ్టు మీద వేలాడుతున్నప్పుడు చివరి బిగింపు బిగించకూడదు. కిందికి దించి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి, లేకపోతే రబ్బరు మెలితిరిగి కొన్ని నెలలకే చిరిగిపోతుంది. అల్లాయ్ చీలితే వెల్డింగ్ వద్దు. కొద్దిగా వంగి ఉంటే సరిచేయించి, నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు రావట్లేదని చూశాకే తీసుకోండి. కొత్త టైరు మీద తయారీ వారం నాలుగంకెల్లో ఉంటుంది, 2425 అంటే 2025లో 24వ వారం. ఒకే ఇరుసు మీద రెండు టైర్లూ ఒకే సైజు, ఒకే నమూనా ఉండాలి. టైర్ల మీదా విడిభాగాల మీదా జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతమే, బిల్లులో 28 వేస్తే ఆపండి. అన్నీ అయ్యాక మళ్లీ ఎలైన్‌మెంట్ ప్రింటు తీసి దాచండి, ఓ వంద కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు మరోసారి బిగింపు చూపించుకోండి.