పచ్చ మార్కర్

శనివారం పొద్దున దోసెలు పోస్తుంటే మా అమ్మాయి వచ్చి, "నాన్నా, ఈసారి నేను డిఫెన్స్" అంది. హైస్కూల్లో మాక్ ట్రయల్ టీమ్‌లో ఉందిలెండి, అంటే ఉత్తుత్తి కోర్టు కేసులు వాదించే పోటీ. పోయినేడాది ప్రాసిక్యూటర్‌గా చేస్తే గుంటూరు దాకా ఫోన్లు చేసి చెప్పుకున్నాం. ఈసారి నా నోట్లోంచి ఊడిపడ్డ మాట: "దొంగల తరఫునా?"

తను వాదించలేదు. ఐప్యాడ్ తెచ్చి స్టవ్ పక్కన పెట్టింది. ఏదో పేర్ల జాబితా. కొన్ని పేర్ల మీద పచ్చ మార్కర్, పక్కన 'బి' అన్న అక్షరం.

అమెరికాలో మేముండే జార్జియా రాష్ట్రంలోనే, రోమ్ అనే ఊళ్లో జరిగిన కేసది. 1987లో తిమోతీ ఫోస్టర్ అనే నల్లజాతి కుర్రాడికి, ఓ తెల్లజాతి ముసలావిడ హత్య కేసులో మరణశిక్ష పడింది. కేసు విని తీర్పు చెప్పే మామూలు జనం బృందం, అదే జ్యూరీలో, అందరూ తెల్లవాళ్లే. జాతిని చూసి జ్యూరీలోంచి ఎవర్నీ తీసేయకూడదని సుప్రీంకోర్టు చెప్పి అప్పటికి ఏడాదే. అయినా చివరిదాకా మిగిలిన నలుగురు నల్లవాళ్లనీ ప్రాసిక్యూటర్లు తప్పించారు. జాతి కాదండీ అంటూ ఒక్కొక్కరికీ బోలెడన్ని కారణాలు చెప్పారు. మన ఆర్టీఐ లాంటి చట్టం ఇక్కడా ఉంది. దాని కింద ఫోస్టర్ లాయర్లు 2006లో ప్రాసిక్యూటర్ల ఫైలు తెప్పిస్తే ఈ కాగితాలు బయటపడ్డాయి. జ్యూరీకి పిలిచినవాళ్ల జాబితాలో నల్లవాళ్ల పేర్లకే పచ్చరంగు, 'బి' అంటే బ్లాక్. స్టీఫెన్ బ్రైట్ అనే లాయరు సుప్రీంకోర్టులో వాదించారు. జ్యూరీ ఎంపికలో వివక్ష జరిగిందని 2016లో 7-1తో తీర్పొచ్చింది. అంటే శిక్ష పడిన 29 ఏళ్లకు.

"ఇంతకీ వాడు హత్య చేశాడా లేదా?" అన్నాను.

"చేశానని ఒప్పుకున్నాడు నాన్నా. నేనడిగేది ఆ పేర్లకు రంగెందుకు పూశారని."

పెనం మీద దోసె మాడింది.

"నువ్వు కొత్తవాళ్లతో మాట్లాడితే ముందు ఇంటిపేరు అడుగుతావు. ఫోన్ పెట్టేసి అమ్మతో 'మనవాళ్లే' అంటావు. అదేంటి మరి?"

అది వేరు అన్నాను. ఎలా వేరో చెప్పబోయి, చట్నీలో ఉప్పు సరిపోయిందా అని అడిగాను.

మధ్యాహ్నం ప్రాక్టీసు కోసం నన్ను సాక్షిగా సోఫాలో కూర్చోబెట్టింది. అవునా కాదా, అంతకు మించి మాట్లాడకూడదట. వాళ్లమ్మ జడ్జి.

"పోయిన నెల మనింట్లో తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌ విందుకి ఎవరెవర్ని పిలవాలో లిస్టు రాసింది మీరేనా?"

పదహారేళ్లలో అది నన్ను 'మీరు' అనడం అదే మొదలు.