నా నర్సింగ్ పీహెచ్‌డీ, ఒక అరవై రూపాయల అద్దం

ఎమ్మెస్సీ నర్సింగ్ అయ్యాక పదకొండేళ్లు కాలేజీలో పాఠాలు చెప్పి, 2019లో పార్ట్‌టైం పీహెచ్‌డీలో చేరాను. నిజం చెప్పాలంటే ప్రమోషన్ కోసమే చేరాను. యూజీసీ నిబంధనల్లో కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు అని ఉంటే నా కళ్లకి ఆ మూడే కనబడింది. మధ్యలో కోవిడ్ వచ్చి, మమ్మల్నీ వార్డు డ్యూటీలకి వేసి, ఆరో ఏడు దాకా లాగింది.

మొదటి దెబ్బ టైటిల్ దగ్గరే తగిలింది. "షుగర్ పేషెంట్లలో పాదాల సంరక్షణపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రాం ప్రభావం" అని రాసుకెళ్లాను. నర్సింగ్ చదివినవాళ్లకి ఈ మూస చెప్పక్కర్లేదు. ప్రీటెస్ట్ పెట్టి, ముప్పావుగంట చార్టులు చూపించి, ఏడో రోజు అదే పేపరు మళ్లీ ఇస్తే మార్కులు పెరగక ఏం చేస్తాయి? మా గైడ్ మేడమ్ చదివి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "వారానికి గుర్తుండటం సరేనమ్మా, ఇంటికెళ్లాక వాళ్లు ఏం చేస్తున్నారో ఎప్పుడైనా చూశావా?" అన్నారు. పదకొండేళ్లుగా నా స్టూడెంట్స్‌తో నేను చేయించినవన్నీ ఆ మూస ప్రాజెక్టులే. ఆ రోజు బస్సులో సిగ్గేసింది.

కోర్స్‌వర్క్, స్టాటిస్టిక్స్ ఎలాగో గట్టెక్కాను. అసలు కష్టం టూల్‌తో, అంటే పేషెంట్లని అడిగే ప్రశ్నల పత్రంతో. అడగాల్సిందే అడుగుతోందా అని నిపుణుల దగ్గర వాలిడిటీ చేయించి, ఇంగ్లిషు ప్రశ్నల్ని తెలుగులోకి మార్పించి, అసలు ఇంగ్లిషు చూడని ఇంకొకరితో వెనక్కి ఇంగ్లిషు చేయించి, రెండూ కలిశాయని సంబరపడ్డాను. అసలు స్టడీకి ముందు కొద్దిమందితో చేసే పైలట్ స్టడీలో అరవై దాటిన ఒక పెద్దావిడకి మూడో ప్రశ్న చదివాను: "మీరు పాదాలను ప్రతిరోజూ పరీక్షించుకుంటారా?"

"పరీక్షా? రగతం తీత్తారా అమ్మా?"

కాదు పెద్దమ్మా, రోజూ అరికాళ్లు చూసుకుంటున్నావా అని, అన్నాను.

"అరికాలు ఎట్టా కనబడుద్దమ్మా, వంగలేను గందా."

కాగితం మీద ఆమెకి ఆ ప్రశ్నకి సున్నా. నిజానికి కాలు ఎందుకు చూసుకోవాలో ఆమెకి నాకంటే బాగా తెలుసు, భర్తకి షుగర్ పుండుతోనే కాలు తీశారట. ఆమె అరికాలికి పది గ్రాముల మోనోఫిలమెంట్ ఆనించాను, అది సన్నటి నైలాన్ దారం, వంగేదాకా నొక్కాలి. బొటనవేలి కింద రెండుచోట్ల తెలియలేదు. స్పర్శ లేని కాలికి మేకు గుచ్చుకున్నా తెలియదు, కాబట్టి కంటితో చూడాల్సిందే, ఆ కన్ను చేరదు. దీనికి పాఠం చెప్పి ఏం లాభం?

దాంతో ప్రశ్నలు సగం మారిపోయాయి. చిన్న చేతి అద్దం, దాంతోపాటు ఇంట్లో ఒక మనిషికి (చాలా ఇళ్లలో కోడలికి) కాలు చూడటం నేర్పడం నా స్టడీ అయింది. ప్రోటోకాల్ మారింది కాబట్టి మళ్లీ ఎథిక్స్ కమిటీ, మళ్లీ తెలుగు అంగీకార పత్రం. స్టడీలో ఇంటర్వెన్షన్ (పేషెంట్లకి ఏదైనా ఇవ్వడమో, నేర్పడమో) ఉన్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: మొదటి పేషెంటును తీసుకోకముందే సీటీఆర్ఐలో, అంటే మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, రిజిస్టర్ అవ్వాలి, 2018 ఏప్రిల్ నుంచి తర్వాత చేసుకుందాంలే అంటే కుదరదు. నేను ఇది చివరి నిమిషంలో తెలుసుకుని బతికిపోయాను.

థీసిస్ రాయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, నడుంనొప్పి తప్ప. సిమిలారిటీ (వేరేవాళ్ల రాతలతో పోలిక) పది శాతం లోపు రావడానికి నిర్వచనాల పేజీలే మూడుసార్లు తిరగరాశాను.

వైవాలో థియరీ మీద అడుగుతారని నర్సింగ్‌లో పేరున్న ఓరెం సెల్ఫ్ కేర్ థియరీ (ఎవరి సంరక్షణ వాళ్లు చూసుకోవడం గురించి) మొత్తం బట్టీ పట్టి వెళ్లాను. బయట నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడమ్ అది వదిలేసి, "ఆ అద్దం ఎంత పడింది?" అన్నారు. అరవై రూపాయలు మేడమ్, అన్నాను. "పగిలితే?" అన్నారు. మూడు పగిలాయని, ఒకావిడ మాత్రం కొత్తది తనే కొనుక్కుందని చెప్పాను. ఆమె నవ్వి ఏదో రాసుకున్నారు.

ఇప్పుడు బోర్డు మీద పేరు ముందు డాక్టర్ అని ఉంది. వార్డులో మాత్రం సిస్టర్ అనే పిలవమన్నాను, లేకపోతే రౌండ్స్‌లో నలుగురు వెనక్కి తిరుగుతున్నారు.