మూడు వేల డెబ్బై రూపాయలు తగ్గినందుకు

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బట్టల కొట్టు. సరుకు మాత్రం శ్రీకాకుళం నుంచే తెచ్చుకుంటాం. పక్కనున్న పాతపట్నం నుంచే ఆంధ్రా కాబట్టి మా నాన్నగారి రోజుల నుంచీ అదే అలవాటు.

కొట్టు మీద బ్యాంకులో 5 లక్షల ఓవర్‌డ్రాఫ్ట్ ఉంది, అంటే ఖాతాలో డబ్బు లేకపోయినా అంత దాకా అప్పుగా వాడుకోవచ్చు. నిరుడు దసరా ముందు 3,10,000 వాడేసి ఉన్నాను. ఇంకా 1,90,000 ఉంది కదా అని శ్రీకాకుళం షావుకారు గారికి అక్టోబరు 1 తేదీ వేసి 1,84,000కి చెక్కు రాసిచ్చాను. సెప్టెంబరు 30న బ్యాంకు నెల వడ్డీ 2,870, సరుకు బీమాకి 6,200 ఆ ఖాతాలోంచే తీసుకుంది. మిగిలింది 1,80,930. చెక్కు వెనక్కి వెళ్ళిపోయింది. బ్యాంకు మెమో మీద ‘ఎక్సీడ్స్ అరేంజ్‌మెంట్’ అని ఉంది, అంటే ఒప్పుకున్న హద్దు దాటిందని.

అంతకు ముందు రెండుసార్లు లిమిట్ దాటినా పాత మేనేజరు గారు పాస్ చేసి, “రేపటికల్లా కట్టేయండి” అనేవారు. అది నా హక్కే అనుకుని కూర్చున్నాను. ఆయన బదిలీ అయ్యాక గానీ అది ఆయన మంచితనమని తెలియలేదు. కాగితం మీద ఉన్నది 5 లక్షలే.

షావుకారు గారికి ఫోన్ చేసి, పండగ అమ్మకాలు కాగానే ఇచ్చేస్తానన్నాను. పాత బాకీల విషయంలో ఆయన అప్పటికే విసిగి ఉన్నారు, సరేననలేదు. మూడు వారాలకి రిజిస్టర్ పోస్టులో లాయరు నోటీసు వచ్చింది.

పోస్టుమ్యాన్ గుమ్మంలో ఉండగానే మా మామయ్య గారు, “తీసుకోకు బాబూ, తిప్పి పంపీ. మనది ఒడిశా, ఆ కోర్టు మనల్నేటి చేస్తాది?” అన్నారు. నా మంచికే అన్నారాయన. ఎందుకో చెయ్యి చాపి సంతకం పెట్టేశాను. తర్వాత మా ఊరి లాయరు గారు చెప్పారు: సరైన చిరునామాకి వచ్చిన నోటీసు వద్దని తిప్పి పంపినా, అందినట్టే లెక్క కడతారట. ఒడిశా అన్న ధైర్యమూ పనికిరాదు. 2015లో చట్టం మార్చారు. చెక్కు పుచ్చుకున్నవాళ్ళ ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఆ ఊరి కోర్టులోనే కేసు. అంటే నాకు శ్రీకాకుళమే.

ఆ రోజు ఆయన బల్ల ముందు కూర్చుని నేను అడిగింది ఒకటే. “అప్పు కడితే సరిపోదా అండీ, జైలు మాటెందుకు?” దానికాయన విడమరిచి చెప్పారు. ఓవర్‌డ్రాఫ్ట్ లిమిట్ దాటడం నేరం కాదు. అది బ్యాంకుకి నేను పడ్డ బాకీ. వడ్డీ వేస్తారు, కట్టకపోతే సివిల్‌గా రాబట్టుకుంటారు. కానీ బాకీ కింద ఇచ్చిన చెక్కు అలా తిరిగొస్తే మాత్రం నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138వ సెక్షను పడుతుంది. ఖాతాలో డబ్బు చాలకపోయినా, బ్యాంకుతో ఒప్పుకున్న హద్దు దాటినా తేడా లేదు. తగ్గింది మూడు వేలా మూడు లక్షలా అని చూడరు. రెండేళ్ళ వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. అయితే నోటీసు అందాక 15 రోజుల్లో మొత్తం కట్టేస్తే కేసే ఉండదు.

అప్పటికే తొమ్మిది రోజులు గడిచాయి. మిగిలిన ఆరు రోజుల్లో మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి లక్ష పంపాను. సగం పైనే ఇచ్చాను కదా, ఆగుతారులే అనుకున్నాను. నా అసలు తప్పు ఇదే. చెక్కు మీద అంకె పూర్తిగా చేరాలి. లక్ష ముట్టినా 84,000 బాకీ ఉండగానే గడువు దాటిపోయింది. ఆ తర్వాత నెల రోజుల్లోగా కేసు వెయ్యాలి, వేశారు.

సమన్లు వచ్చాయి. తెల్లవారుజామున బస్సెక్కి నరసన్నపేటలో మారి శ్రీకాకుళం చేరాను. జామీనుకి అక్కడ ఉంటున్న మా బావ వచ్చాడు. పొలం కాగితాలు పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. పేరు పిలిచినప్పుడు నా గొంతు పెగల్లేదు. ముప్పై ఏళ్ళుగా బాకీ ఎగ్గొట్టని ఇంటి పేరు అది. ఆ వరండాలో నిందితుడి పేరుగా వినిపించింది.

వాదించి గెలిచే కేసు కాదని లాయరు గారు మొహమాటం లేకుండా చెప్పారు. సంతకం నాదైతే, బాకీ ఉన్నట్టే కోర్టు మొదట అనుకుంటుంది. లేదని నేనే చూపించాలి. నాకేమో బాకీ నిజంగానే ఉంది. పైగా కేసు నడుస్తుండగానే చెక్కు మొత్తంలో 20 శాతం వరకు ముందే కట్టమని ఆదేశించవచ్చట. అదృష్టం ఏమిటంటే, ఈ నేరంలో ఇరుపక్షాలూ రాజీ పడొచ్చు.

నేనే షావుకారు గారి ఇంటికి వెళ్ళాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఫోన్లో పండగ పండగ అన్నావు గానీ, మనిషివి ఒక్కసారి వచ్చి కనబడ్డావా బాబూ?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. 84,000, ఖర్చుల కింద 15,000 అని ఒప్పుకున్నాం. తర్వాతి లోక్ అదాలత్‌లో ఇద్దరం సంతకాలు పెట్టాం. దాని మీద అప్పీలు ఉండదు, అక్కడితో కేసు ముగిసింది.

ఈ దసరాకీ ఆయన దగ్గరే సరుకు తీసుకున్నాను. ముందురోజు బ్యాంకుకి వెళ్ళి, ఆ నెల వడ్డీ, బీమా పోగా ఎంత మిగులుతుందో కాగితం మీద రాయించుకుని, అంత వరకే కొని, డబ్బు ఆయన ఖాతాకి నేరుగా పంపేశాను.