నేల తప్పుకుంది, బంకర్ ఉండిపోయింది

నాన్న మా దగ్గరికి డెన్మార్క్ వచ్చి మూడు వారాలైంది. ఆర్హుస్‌లో చూడాల్సినవన్నీ చూపించేశాను. విశాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా సైట్ సూపర్‌వైజర్‌గా చేసిన మనిషి. పూలతోటల దగ్గర రెండు నిమిషాలు కూడా నిలబడరు. ఒకరోజు రాత్రి నా ఫోన్‌లో ఫొటోలు చూస్తూ ఒకదాని దగ్గర ఆగిపోయారు. ఇసుకలో ఒక పక్కకు ఒరిగి, సగం నీళ్లలో ఉన్న కాంక్రీటు దిమ్మె అది.

"కింద ఇసుక కొట్టుకుపోయినట్టుంది. ఏమిటమ్మా ఇది?"

"యుద్ధంలో జర్మన్లు కట్టిన బంకర్ నాన్నా. పడమటి ఒడ్డున ఇలాంటివి చాలా ఉన్నాయి."

"ఎంత దూరం?"

"కారులో రెండు గంటలు."

"అయితే రేపే పోదాం."

అలా జూన్ నెలలో ఒక శనివారం పొద్దున్నే పులిహోర డబ్బా, ఫ్లాస్క్ నిండా టీ పెట్టుకుని ఆ పడమటి ఒడ్డున ఉన్న హౌవిగ్‌కి బయల్దేరాం. జూన్‌లో ఇక్కడ రాత్రి పది దాటినా వెలుతురు ఉంటుంది కాబట్టి తొందర లేదు.

దారిలో నాకు తెలిసినంత చెప్పాను. 1940 ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్క్‌ని ఆక్రమించుకుంది. 1942 మార్చి 23న హిట్లర్ 40వ నంబరు ఆదేశం మీద సంతకం పెట్టాడు. ఇంగ్లండ్ వైపు నుంచి ఎవరూ దిగకుండా నార్వే ఉత్తర కొస నుంచి స్పెయిన్ సరిహద్దు దాకా తీరమంతా కోట కట్టాలన్నది దాని సారం. దానికే అట్లాంటిక్ గోడ అని పేరు. నిజానికి అది గోడ కాదు. ఫిరంగి దిమ్మెలు, సైనికులు పడుకునే గదులు, మందుగుండు దాచే గదులు, మధ్యలో ముళ్ల తీగలు, మందుపాతరలు. ఒక్క డెన్మార్క్‌లోనే చిన్నవీ పెద్దవీ కలిపి వేల బంకర్లు కట్టారు. 1943 డిసెంబరులో జర్మన్ సేనాని రొమ్మెల్ ఈ కోట తనిఖీని ఈ ఒడ్డు నుంచే మొదలుపెట్టాడు. తీరా చూస్తే ఇక్కడికి ఎవరూ రాలేదు. 1944 జూన్ 6న మిత్రదేశాల సేనలు ఫ్రాన్స్‌లోని నార్మండీలో దిగాయి.

నాన్న అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "లేబర్ ఎవరు?"

మిగతా దేశాల్లో చాలాచోట్ల ఖైదీలను, బలవంతంగా పట్టుకొచ్చిన వాళ్లను పెట్టి కట్టించారు. డెన్మార్క్‌లో ఎక్కువ పని చేసింది డేనిష్ కాంట్రాక్టర్లు, కూలికి వచ్చిన డేనిష్ పనివాళ్లు. ఉద్యోగాలు దొరకని రోజులవి. ఆ బిల్లులకు డబ్బు వచ్చింది డెన్మార్క్ నేషనల్ బ్యాంకులో జర్మన్ సైన్యం కోసం తెరిచిన ఖాతా నుంచి.

నాన్న కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. "అంటే వీళ్ల డబ్బుతోనే, వీళ్ల చేతనే కట్టించుకున్నారన్నమాట."

అంతే. ఈ బంకర్లు పోతుంటే నాకు బాధ కలగడానికి కారణం కూడా ఇదే. ఆక్రమణ అంటే తుపాకులు, బూట్ల చప్పుడు మాత్రమే కాదు. శనివారం చేతికందే కూలి కూడా. ఆ మాట ఏ జెండా, ఏ విగ్రహం చెప్పదు. ఈ కాంక్రీటు చెబుతుంది.

హౌవిగ్‌లో కారు ఆపి, గడ్డి మొలిచిన ఎత్తైన ఇసుక దిబ్బల మధ్యలోంచి నడిచాం. ఆ గడ్డి వేళ్లే దిబ్బను పట్టి ఉంచుతాయి. గాలికి మాట వినపడడం లేదు. దిబ్బ దిగగానే బంకర్లు కనిపించాయి. ఒకటి నిటారుగా ఉంది, ఒకటి ముందుకు తూలింది, మరొకటి పూర్తిగా పక్కకు పడిపోయింది.

నాన్న నేరుగా వెళ్లి గోడ మీద అరచెయ్యి పెట్టారు. "ఇటు చూడు, పలకల సెంట్రింగ్. చెక్క గీతలు ఎలా దిగాయో." నిజమే. ఎనభై ఏళ్లు గడిచినా, అలలు కొట్టినా ఆ పలకల నరాలు కాంక్రీటులో ఇంకా తేటగా ఉన్నాయి. "జాయింట్ కనపడదు. ఆపకుండా పోశారు." అది కూడా నిజమే. మధ్యలో ఆపితే అతుకు దగ్గర బలహీనపడుతుందని, పగలూ రాత్రీ షిఫ్టులు మార్చుకుంటూ ఒక్క బిగిన పోసేవారు. గోడలు, పైకప్పు రెండేసి మీటర్ల మందం. ఇరవై మంది సైనికులు పడుకునే ఒక రకం బంకర్‌కి ఆరు వందల ఘనపు మీటర్ల పైన కాంక్రీటు పట్టేదని చెప్పాను. నాన్న అక్కడికక్కడే లెక్క కట్టారు. "మన ఇంటి స్లాబ్‌కి పన్నెండు పట్టింది. ఇది యాభై ఇళ్ల స్లాబు."

"ఇంత గట్టిది ఎందుకు పడిపోయింది?" అని అడిగాను, ఆయన నోట వినాలని.

"ఇది పడిపోవడమేంటమ్మా? ఎక్కడా విరగలేదు. కింద నేలే తప్పుకుంది."

కట్టిన రోజున ఇవి దిబ్బల్లో, ఇసుక కప్పుకుని ఉండేవి. ఇప్పుడు మేం నిలబడిన అలల అంచు అప్పట్లో దిబ్బ. ఉత్తర సముద్రం ఏటా ఈ తీరాన్ని కోసుకుపోతోంది. ప్రభుత్వం ఓడలతో ఇసుక తెచ్చి ఒడ్డున పోస్తున్నా, కొన్నిచోట్ల దిబ్బ వెనక్కి జరుగుతూనే ఉంది. ఈ ఒడ్డు ఎంత దూరం జరిగిందో తెలియాలంటే బంకర్‌ని, దిబ్బని చూస్తే చాలు.

2008లో ఇక్కడే తుఫాను వచ్చి దిబ్బను కోసేస్తే, 1945 నుంచి ఎవరూ తెరవని బంకర్లు బయటపడ్డాయి. సెలవులకు వచ్చిన తొమ్మిదేళ్ల పిల్లలిద్దరు మొదట చూశారట. లోపల మంచాలు, బల్లలు, కుర్చీలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. బూట్లు, మేజోళ్లు, పొగాకు ఇంకా మిగిలి ఉన్న పైపు, హిట్లర్ ముఖం ఉన్న తపాలా బిళ్లలు, సగం తాగిన సారా సీసా. దొంగలు పడకముందే, సముద్రం ముంచకముందే పురావస్తు నిపుణులు కొద్ది రోజుల్లో అన్నీ తీసుకెళ్లి భద్రపరిచారు. ఆ మేజోళ్ల మాట దగ్గర నాన్న ముఖంలో మార్పు చూశాను. "ఎవరి పిల్లాడో" అన్నారు.

అన్నిటికీ ఆ అదృష్టం పట్టలేదు. పగిలిన బంకర్ల నుంచి తుప్పు పట్టిన చువ్వలు పొడుచుకొస్తాయి. నీళ్లలో ఉంటే కనపడవు, ఈతకు దిగినవాళ్ల కాళ్లు చీరుకుపోతాయి. అందుకే 2013 ప్రాంతంలో ఈ తీరం మీద వందకు పైగా బంకర్లను యంత్రాలతో పగలగొట్టి ఎత్తేశారు. పిల్లలు ఆడుకునే చోట చువ్వలు ఉంచాలని నేనూ అనను. కానీ పగలగొట్టే ముందు ప్రతి గదినీ కొలిచి, ఫొటో తీసి, గోడల మీద సైనికులు రాసుకున్న మాటల్ని దింపుకుని ఉంచాలని మాత్రం గట్టిగా అనిపిస్తుంది. ఉంచుకునే దారులూ ఉన్నాయి. దక్షిణాన బ్లావాండ్ దగ్గర 1995లో, విముక్తికి యాభై ఏళ్లు నిండినప్పుడు, బిల్ వుడ్రో అనే బ్రిటిష్ శిల్పి కొన్ని బంకర్లకు ఇనుప తలలు, తోకలు అతికించి కంచర గాడిదలుగా మార్చాడు. కంచర గాడిదకు సంతానం ఉండదు కదా, ఈ యుద్ధానికీ ఉండకూడదని. కిందటేడు నేను చూసినప్పుడు పిల్లలు వాటి వీపులెక్కి కూర్చున్నారు. ఆ పక్కనే ఉన్న స్కాలింగెన్‌లో మందుపాతరలు పూర్తిగా ఏరివేసేసరికి 2012 వచ్చింది.

రాత్రి సొండర్‌విగ్‌లో ఉండి, మర్నాడు ఉత్తరాన హాన్స్ట్‌హోల్మ్ వెళ్లాం. ఇక్కడ నాలుగు 38 సెంటీమీటర్ల ఫిరంగులు ఉండేవి, తేలిక గుండు 55 కిలోమీటర్లు పోయేది. ఎదురుగా నార్వేలోని క్రిస్టియన్‌శాండ్ దగ్గర కూడా అలాంటివే. రెండు పక్కల నుంచీ గుండు అందని మధ్య భాగంలో సముద్రంలో మైన్లు వేశారు. ఫిరంగి ఉండిన ఒక బంకర్ ఇప్పుడు మ్యూజియం. ఈ కోట కోసం ఊళ్లో మామూలు జనాన్ని ఇళ్లు ఖాళీ చేయించి పంపేశారని చదివి వినిపిస్తే, నాన్న బెంచీ మీద కూర్చుండిపోయారు.

"మామ్మ చెప్పేది. బాంబులు పడ్డ రోజు పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి, పిల్లల్ని చంకనేసుకుని పల్లెకు నడిచిపోయార్ట."

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన సంగతి. ఆ భయంతోనే మన ఒడ్డునా ఇలాంటి చిన్న కాంక్రీటు గదులు కట్టారు. బీచ్‌లో చిన్నప్పుడు నేను నీడకు కూర్చున్న గది అలాంటిదేనని ఆ రోజే తెలిసింది. నాన్నకు ముందే తెలుసు, నేనే ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రం అక్కడికి దగ్గర్లోనే ఉన్న విగ్సో వెళ్లాం. ఇక్కడ బంకర్లు ఒడ్డు దాటి నీళ్లలోకి దిగిపోయాయి. ఒక్కొక్క అలకు ఒకటి కనిపిస్తూ, ఒకటి మునుగుతూ ఉంది. ఇసుక మీద మిగిలిన ఒకదాని దగ్గర నాన్న చెప్పులు విడిచి, దాని మూల నుంచి దిబ్బ మొదలు దాకా అడుగులు వేసుకుంటూ నడిచారు. మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి లెక్కపెట్టారు. జేబులోంచి చిన్న డైరీ తీసి తారీఖు వేసి, "ముప్ఫై ఎనిమిది అడుగులు" అని రాసి, ఆ కాగితం చింపి నా చేతిలో పెట్టారు.

"నా అడుగు రెండున్నర ఫీట్లు. వచ్చే జూన్‌లో నువ్వొచ్చి టేపుతో కొలిచి నాకు ఫోన్ చెయ్యి."