చెవి కింది గడ్డకు సూది పరీక్ష

చెవి తమ్మె కిందనో దవడ అంచునో నొప్పి లేకుండా పెరిగే గడ్డకు సూది పరీక్ష రాస్తే, గుచ్చినందువల్ల అది క్యాన్సర్‌గా మారుతుందేమోనని చాలామంది భయపడతారు. ఆ భయానికి ఆధారం లేదు. 22 నుంచి 25 గేజి సన్నని సూదితో కొన్ని కణాలను మాత్రమే తీస్తాం. చెవి దగ్గరుండే లాలాజల గ్రంథి అయిన పరోటిడ్ గుండా ముఖ నాడి శాఖలు సాగుతాయి గనుక, కత్తితో కోసి ముక్క తీయడం కంటే ఇదే సురక్షితమైన తొలి పరీక్ష.

తీసిన కణాల్లో కొన్నింటిని గాలికి ఆరనిచ్చి గీమ్సా రంగుతోను, మరికొన్నింటిని ఆల్కహాల్‌లో ముంచి పాపనికొలావ్ రంగుతోను పరిశీలిస్తాం. లాలాజల గ్రంథుల విషయంలో గీమ్సా స్లైడు లేకుండా రిపోర్టు రాయడానికి నాకు మనసొప్పదు. అన్నిటికంటే తరచుగా కనిపించే ప్లియోమార్ఫిక్ అడినోమా అనే నిరపాయ కణితిని పట్టిచ్చేది కణాలకంటే వాటి నడుమనున్న పదార్థమే. గీమ్సా స్లైడులో అది ముదురు గులాబీ రంగులో, చిక్కుపడిన నూలుపోగుల్లా పీచుపీచుగా ఉండి, అంచుల దగ్గర కణాలతో కలిసిపోతుంది. అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా అనే క్యాన్సర్‌లో దాదాపు అదే రంగు పదార్థం నునుపైన గుండ్లుగా, తెగ్గోసినంత స్పష్టమైన అంచులతో ఉంటుంది. అయితే అలాంటి గుండ్లు అప్పుడప్పుడు అడినోమాలోనూ కనిపించి మమ్మల్ని ఇరకాటంలో పెడతాయి. మొదటిది చాలావరకు శస్త్రచికిత్సతో నయమయ్యే గడ్డ. రెండోది నరాల వెంబడి పాకి, ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టగల క్యాన్సర్.

లాలాజల గ్రంథుల సూది పరీక్ష ఫలితాలను వర్గాలుగా రాసేందుకు 2018లో వెలువడిన మిలాన్ పద్ధతి ఈ ఇరకాటానికి ఒక చోటిచ్చింది. కణితి అని తెలిసినా మంచిదో చెడ్డదో తేలనప్పుడు, ఆ మాటే రాయడానికి అందులో ప్రత్యేక వర్గం ఉంది. దాన్ని తప్పించుకునే మార్గంగా భావించే వైద్యులతో నేను ఏకీభవించను. తొలి కూర్పు ప్రకారం ఆ వర్గంలో క్యాన్సర్ అవకాశం సుమారు 35 శాతం. ఎంత మేర కోయాలో ఆలోచించే సర్జన్‌కు, బలవంతంగా తేల్చిన పేరుకన్నా ఆ అంకె ఎక్కువ ఉపయోగపడుతుంది.

సూది వేస్తే నీరు వచ్చే గడ్డల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. తక్కువ తీవ్రత గల మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా అనే లాలాజల గ్రంథి క్యాన్సర్‌లో ఒక్కోసారి జిగట ద్రవం తప్ప కణాలు దొరకవు. అప్పుడు నీటితిత్తి అని రాసి ఊరుకోకూడదు. ద్రవం తీశాక గడ్డ ఇంకా చేతికి తగులుతుంటే, అల్ట్రాసౌండ్ సాయంతో ఆ గట్టి భాగంలోనే మళ్లీ సూది వేయాలి.