మగారి
మొన్న ఆదివారం ఫోన్‌లో మా అమ్మ, "ఈసారైనా సెలవులకు వస్తావా అమ్మలూ?" అని అడిగితే, తొమ్మిదేళ్ల మా అమ్మాయి "మగారి!" అన్నది. పక్కనే వంకాయలు తరుగుతున్న నేను తలెత్తకుండానే, "ఏమో అంటోందమ్మా" అని తెలుగు చేసి పెట్టాను. అవతల కాసేపు మాట లేదు. ఆ తర్వాత అమ్మ ఎండల సంగతి ఎత్తుకుంది.

ఫోన్ పెట్టగానే పిల్ల నామీద విరుచుకుపడింది. తను అన్నది "ఏమో" కాదట.

తప్పు నాదే. ఇటలీలోని బొలోన్యాలో పదకొండేళ్లుగా ఉంటూ ఆ ఇటాలియన్ మాట తెలియదనడానికి లేదు. "మగారి ప్యోవె" అంటే వాన పడుతుందేమో అని. క్రియను కాస్త మార్చి "మగారి ప్యోవెస్సె" అంటే, వాన పడితే ఎంత బాగుండునో అని. నడుమనున్న "గా"ను సాగదీసి ఆ ఒక్క మాటే అంటే, అంత భాగ్యమా అని. దీని పుట్టుక "ధన్యుడా" అని పిలిచే గ్రీకు మాట అయినప్పుడు, ఆ భాగ్యం ఊరికే వచ్చి చేరింది కాదు.

ఇంట్లో తెలుగే మాట్లాడాలన్న నియమం నాదే. కొత్తగా వచ్చినవాళ్లకూ అదే సలహా ఇస్తుంటాను. ఇటాలియన్ మాట దొర్లితే ఇరవై సెంట్లు వేయాలని ఖాళీ ఆవకాయ సీసా ఒకటి పెట్టాను; "అయితే మరి" అనే "అల్లోరా" లేనిదే నాకు నోరు పెగలదు గనుక అందులోని చిల్లరలో సగానికి పైగా నాదే. అయినా ఆ రోజు, తెలుగులో చెప్పి ఉంటే అమ్మమ్మకు అర్థమయ్యేది కదా అని పిల్లనే గదమాయించాను.

"తెలుగులో ఏమనాలి?"

"అంతకన్నానా, అనాలి."

రెండుసార్లు పలికి చూసి, తల అడ్డంగా ఊపింది. "అలా అంటే వెళ్తున్నట్టే ఉంటుంది. మనం వెళ్లం కదా."

ఇక్కడి బడులు మూసేది జూన్ మొదట్లో. ఆ నెల నడిమికల్లా అక్కడ బడులు తెరుస్తారు, మామిడిపళ్లూ అయిపోవస్తాయి, ఇంతా చేసి ఎవరితో ఆడుకుంటుందని రెండేళ్లుగా ప్రయాణం వాయిదా వేస్తున్నది మేమే. ఆ వాయిదాకు సరిపోయే మాటను పిల్ల వెతికి పట్టుకున్నదేమో. సీసాలో ఇరవై సెంట్లు వేయమని అడగలేకపోయాను.

అమ్మకు మళ్లీ ఫోన్ చేసి, "ఏమో" అన్నది పిల్ల కాదు, నేనని చెప్పాలి. ఇంకా చేయలేదు. చెబితే, "అయితే టిక్కెట్లు ఎప్పుడు తీస్తున్నారు?" అని అడుగుతుంది.